ఎన్‌సీసీ జూనియర్ వింగ్: పిల్లని చేర్పించాలా?

ఎనిమిదో తరగతి మొదట్లో బడి నుంచి ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్, విద్యార్థులకి సైన్యం తరహా శిక్షణ ఇచ్చేది) ఫారం వస్తుంది. జూనియర్ వింగ్ అంటే అందులో బడి ఆడపిల్లల విభాగం. సంతకం పెట్టాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మాయి రెండేళ్ల కోర్సు పూర్తిచేసి ఆఖర్లో ఇచ్చే 'ఏ' సర్టిఫికెట్ తెచ్చుకుంది.

'ఆడపిల్లని మిలిటరీకి పంపిస్తారా?' అని మా అత్తగారు మొదలుకొని అందరూ అడిగారు. ఎన్‌సీసీ 1948 చట్టంతో వచ్చింది. క్యాడెట్ అయినంత మాత్రాన సైన్యంలో చేరి తీరాలన్న నిర్బంధం అందులో లేదు.

అసలు పని చేసేది డ్రిల్లు. దూరం నుంచి చూస్తే కాళ్లు నేలకేసి బాదడమే అనిపిస్తుంది. 'దాహినే సజ్' అనగానే తల కుడివైపు తిప్పి, పక్కమ్మాయిని చూసి తన అడుగు సర్దుకోవాలి. ఒక్కరి వరుస తప్పినా అందరూ మళ్లీ మొదటి నుంచి. మాకు ఒక్కతే కూతురు, ఇంట్లో అన్నీ దాని ఇష్టప్రకారమే. తన వల్ల మిగతావాళ్లు ఎండలో నిలబడాల్సి వస్తుందన్న ఎరుక మేం చెబితే వచ్చేది కాదు.

క్యాంపులో గవర్నమెంటు బడి పిల్లలూ కాన్వెంటు పిల్లలూ ఒకే హాల్లో పడుకున్నారు. ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలి. పాయింట్ టూటూ రైఫిల్ (చిన్న తూటాల తుపాకీ) కూడా పేల్చిందట, గురి సంగతి అడగొద్దంది!

ఫస్ట్ ఎయిడ్ క్లాసులకి మాత్రం నేను వందకి వంద మార్కులు వేస్తాను. పక్కింటి తాతగారు బండి మీంచి పడితే, చుట్టూ మూగినవాళ్లని 'జరగండి, గాలి ఆడనివ్వండి' అని గదిమి, తన చున్నీతో ఆయన చేతికి స్లింగ్ కట్టింది. అక్కడున్న పెద్దవాళ్లం ఫోన్లు పట్టుకుని చూస్తున్నాం, మా వారితో సహా.

నచ్చనివీ ఉన్నాయి. మా బడిలో ఎన్‌సీసీ చూసే మేడమ్‌కే లెక్కల క్లాసులు కూడా. పరీక్షలొస్తే పరేడ్ ఎగిరిపోయేది. ఆఖర్లో డెబ్బై అయిదు శాతం హాజరు కావాలని వరసగా ఆదివారాలు లాగారు. స్వచ్ఛతా కార్యక్రమమంటే ఫొటో దిగి చీపుర్లు లోపల పెట్టెయ్యడం. ఇదేం సేవే అంటే మా అమ్మాయికి కోపం, కానీ నా మాట అదే. ముఖ్య అతిథి కోసం పిల్లల్ని ఎండలో అంతసేపు నిలబెట్టడం ఇంకా ఘోరం.

ఫారం నింపే ముందు పరేడ్ రోజున ఒకసారి గ్రౌండుకి వెళ్లి చూడండి. నిజంగా జరుగుతుంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టండి. గోడమీద బోర్డు తప్ప ఏమీ కనబడకపోతే ఆ బడిలో మాత్రం వద్దు.