మెడతో ఊపిరి తీసుకునే మనిషికి ఆ అత్యవసర విభాగంలో అందిన వైద్యం

కోనసీమలోని ఒక పట్టణంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగానికి మా మేనమామగారిని ఏడాది లోపల మూడుసార్లు తీసుకువెళ్లవలసి వచ్చింది. మంచితో పాటు లోపాలు కూడా రాస్తున్నాను కనుక ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. గొంతు, నోరు, నాలుక క్యాన్సర్ల రోగులను ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న కుటుంబాలు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఏమి గమనించాలో తెలుస్తుందన్న ఉద్దేశంతోనే ఇది రాస్తున్నాను.

మావయ్యగారు కొబ్బరికాయల వ్యాపారి. నలభై ఏళ్లకు పైగా చుట్ట కాల్చారు. స్వరపేటికలో క్యాన్సరు వచ్చి ముదరడంతో విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేసి దానిని పూర్తిగా తొలగించారు. మెడ గ్రంథుల పొర దాటి కూడా వ్యాధి పాకినట్లు రిపోర్టులో తేలినందువల్ల ఆ తరువాత రాజమహేంద్రవరంలో 33 సిట్టింగుల రేడియేషను, దానితో పాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు అక్కడ గది తీసుకుని ఉండి, శనివారం ఉదయానికి ఇంటికి వచ్చేవారు. రేడియేషను జరుగుతున్నన్నాళ్లూ ఇబ్బందులన్నీ ఆ రెండు రోజుల్లోనే వచ్చాయి; వైద్యం చేస్తున్న డాక్టరుగారు అందుబాటులో ఉండని రోజులు కూడా అవే.

మూడోసారి వెళ్లిన సంగతే ముందు చెప్పాలి. అప్పటికి రేడియేషను పూర్తయి రెండు నెలలు దాటింది. ధనుర్మాసం, తెల్లవారుజామున నాలుగు గంటలకు మావయ్యగారు మంచం పట్టె మీద చేత్తో కొట్టి అత్తయ్యను లేపారు. గాలి ఆడడం లేదని మెడ చూపించారు. స్వరపేటిక తీసేసిన మనిషికి ముక్కుకు, నోటికి ఊపిరితిత్తులతో సంబంధం ఉండదు. మెడ అడుగున చేసిన రంధ్రమే ఊపిరికి దారి. ముక్కులో గాలికి అందే తేమ, వెచ్చదనం ఆ దారిలో అందవు కనుక చలికాలంలో కఫం ఎండి, అట్టకట్టి, దారిని మూసేస్తుంది. పొగమంచులో కారు నడుపుకుంటూ వెళ్లేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి.

లోపలికి తీసుకువెళ్లిన నిమిషంలోనే మంచం ఇచ్చారు, వేలికి క్లిప్పు పెట్టారు. ఆక్సిజన్ 82 చూపించింది. అక్కడున్న కుర్ర సిబ్బంది ఒకరు అలవాటు ప్రకారం ఆక్సిజన్ మాస్కును ముక్కు మీద, నోటి మీద బిగించారు. ఆ గాలి ఒక్క రవ్వ కూడా మావయ్యగారి ఊపిరితిత్తులకు చేరదు. ఆయన మాస్కు లాగేసుకుంటుంటే, రోగి కంగారు పడుతున్నాడనుకుని చేతులు పట్టుకున్నారు. "గొంతు మీద పెట్టండి బాబూ, ముక్కుతో ఆయనకు ఊపిరి లేదు" అని అత్తయ్య ఏడుస్తూ అరిచిన అరుపుకు పక్క మంచం దగ్గరున్న పెద్ద సిస్టరు పరుగున వచ్చారు. మాస్కు తీసి రంధ్రం మీద పెట్టించి, "మావయ్యగారూ, నేను చూసుకుంటాను, నా వైపు చూడండి" అంటూనే లోపలికి కాస్త సెలైను వేసి, సక్షను గొట్టంతో లాగారు. మూడో ప్రయత్నంలో బొటనవేలి గోరంత ఎండు కఫం రక్తపు చారతో బయటికి వచ్చింది. నాలుగైదు నిమిషాల్లో ఆక్సిజన్ 95కు చేరింది. ఆ సిస్టరు చేతి నేర్పు ఎంతటిదో, ఆమె ఆ రాత్రి డ్యూటీలో లేకపోతే ఏమయ్యేదన్న భయం కూడా అంతటిది. ప్రాణం నిలవడం డ్యూటీ పట్టిక మీద ఆధారపడకూడదు.

మొదటిసారి వెళ్లింది రేడియేషను నాలుగో వారంలో, శనివారం రాత్రి. నోరంతా పుళ్లు, గుటక పడదు, మధ్యాహ్నం నుంచి మూత్రం లేదు, జ్వరం 101.4. కీమో జరుగుతున్న రోగికి 101 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. తెల్ల కణాలు పడిపోయి ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఇక్కడ వారు కల్చరుకు, అంటే రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్షకు, రక్తం తీసి, రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూడకుండా యాభై నిమిషాలలోపే ఇంజెక్షను ఇచ్చారు. తరువాత వచ్చిన రిపోర్టులో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షనుతో పోరాడే తెల్ల కణాలు) 500 కంటే తక్కువ ఉన్నాయి. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు చెరుపు చేసే మందు కనుక మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి, సెలైను ఎక్కించి, నొప్పి మాత్రల్లో మూత్రపిండాలకు పడనిదాన్ని మానిపించారు. ఈ విషయంలో ఏ లోపమూ లేదు.

రెండోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఆహారం కోసం ముక్కులోంచి కడుపులోకి వేసిన పైపు ఊడిపోయింది. ప్రమాద కేసులు ఉన్నందున రెండు గంటలు కూర్చున్నాము. అందులో తప్పు లేదు. గొంతు లోపల కుట్లు వేసిన మనిషి కనుక డ్యూటీ డాక్టరు తొందరపడి పైపు తోయకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుగారిని పిలిపించి నెమ్మదిగా వేయించారు, కొస కడుపులోకి చేరిందని ఎక్స్‌రేలో చూశాకే పాలు పోయనిచ్చారు. అయితే మాకు ఫోనులో సలహా చెప్పేవారు ఒక్కరు ఉన్నా, పైపుకు అంటించిన ప్లాస్టరు వదులైన శుక్రవారం నాడే సరిచేయించుకుని ఉండేవాళ్లం.

డబ్బుల కౌంటరు వ్యవహారం మాత్రం బాగాలేదు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర రాత్రిపూట ఉండరని చెప్పి, ఆ పథకం కార్డు ఉన్నా ముందు డబ్బు కట్టించుకున్నారు. ఇంకొకటి, డాక్టర్లు ప్రశ్నలన్నీ అత్తయ్యనే అడిగారు. మావయ్యగారి చేతిలో పలక ఉంది, ఆయన గుండ్రంగా, చక్కగా రాయగలరు. మూడోసారి పెద్ద సిస్టరు ఒక్కరే ఆ పలక చూసి జవాబు చదివారు. ఇంటికి పంపేటప్పుడు, రేడియేషను పడిన మెడలోంచి గానీ నోట్లోంచి గానీ చెంచాడు రక్తం కనిపించినా, అదే ఆగిపోయినా సరే వెంటనే రావాలని చెప్పింది కూడా ఆమే. మెడలోని పెద్ద రక్తనాళం తెగే ముందు అలాంటి చిన్న సూచన రావచ్చునట.

నేను ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. మిగిలిన మార్కు కోసం యాజమాన్యానికి ఒక విన్నపం రాసి ఇచ్చాను: మెడతో ఊపిరి తీసుకునే రోగి వస్తే ఆక్సిజన్ ఎక్కడ పెట్టాలో పెద్ద అక్షరాలతో ప్రతి మంచం దగ్గరా రాయించమని. మావయ్యగారి జేబులో కూడా ఇప్పుడు అదే మాట రాసిన అట్ట ముక్క ఉంటుంది. "ఊపిరి మెడతోనే, ఆక్సిజన్ ఇక్కడే పెట్టండి" అని తెలుగులో రాసి, కింద బాణం గుర్తు ఆయనే వేసుకున్నారు.