జెన్సెన్-హీలీ 1974: కొని, విప్పి, బిగించి, ఏళ్ల తరబడి నడిపాక

ఈ కారు పేరు చెప్తే పాత కార్ల మీద మోజున్న వాళ్లు కూడా ముందు "ఆస్టిన్-హీలీయా?" అంటారు. కాదు. ఇది వేరే, గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఆస్టిన్-హీలీ 3000 తయారీ 1967 చివర్లో ఆగిపోయింది. ఆ కార్లు అమెరికాలో అమ్మి బాగా సంపాదించిన శాన్‌ఫ్రాన్సిస్కో డీలర్ షెల్ క్వాలే, అలాంటి కారు మళ్లీ రావాలని పట్టుబట్టి, 1970లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ బ్రామిచ్‌లో ఉన్న జెన్సెన్ కంపెనీనే చేతిలోకి తీసుకున్నాడు. ఆస్టిన్-హీలీ కార్ల వెనక ఉన్న డోనాల్డ్ హీలీని ఛైర్మన్‌గా కూర్చోబెట్టాడు. 1972లో జెనీవా మోటార్ షోలో జెన్సెన్-హీలీ బయటికొచ్చింది. 1976లో కంపెనీ మూతపడింది. ఈ మధ్యలో తయారైనవి పదివేల పైచిలుకు. వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వచ్చాయి కాబట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉంటున్న నాలాంటి వాడికి ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవాల్సిన పని పడలేదు.

నేను కొన్నది 1974 మోడల్. నల్ల రబ్బరు బంపర్లు, నాలుగు గేర్లు, రెండు స్ట్రాంబర్గ్ కార్బ్యురేటర్లు. శాక్రమెంటో వైపు ఒక షెడ్డులో టార్పాలిన్ కింద ఉండేది. ధర అయిదు వేల డాలర్ల లోపు. స్టార్ట్ అయ్యేది, కానీ నడిచేది కాదు. 1974 మోడలే కావాలనుకోవడానికి ఒక కారణం ఉంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ బళ్లకు స్మాగ్ చెక్ లేదు. పాత ఇంజిన్‌ను రెండేళ్లకోసారి పొగ పరీక్షకు తీసుకెళ్లే టెన్షన్ ఉండదు. ఇక్కడ ప్రాజెక్ట్ కారు కొనాలనుకునే వాళ్లు పెయింట్ కంటే ముందు చూడాల్సింది మోడల్ సంవత్సరం, పింక్ స్లిప్ (ఇక్కడి బండి యాజమాన్య పత్రం) మీద అమ్మేవాడి పేరు. ఈ రెండూ సరిగ్గా లేకపోతే ఎంత చవకైనా వద్దు.

ఈ కారుకు పేరొచ్చినా, చెడ్డ పేరొచ్చినా ఇంజిన్ వల్లే. బ్రిటిష్ కార్ల కంపెనీ లోటస్ చేసిన 907. రెండు లీటర్లు, పూర్తిగా అల్యూమినియం, తలమీద రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, పదహారు వాల్వులు. 1972లో అది చాలా పెద్ద విషయం. బానెట్ కింద 45 డిగ్రీలు పక్కకు వాలి పడుకున్నట్టు ఉంటుంది. ఇదే ఇంజిన్‌ను లోటస్ ఆ తర్వాత తన ఎలైట్, ఎస్ప్రీ కార్లలో వాడుకుంది. అంటే ఇంజిన్‌లో లోపాలేమిటో జెన్సెన్ కస్టమర్ల ఖర్చుతో కనిపెట్టి, సరిచేసి, తమ కార్లలో పెట్టుకున్నారన్నమాట. మొదట్లో వచ్చిన కార్లలో ఆయిల్ కారడం, ఇంజిన్‌లు పాడవడం నిజమే. ఆ మాటే యాభై ఏళ్లుగా ఈ కారు వెంటపడి తిరుగుతోంది. దీని ధర ఇంకా చవగ్గా ఉండటానికి కారణం కూడా అదే.

ఇన్నేళ్లు దీంతో కాపురం చేశాక నా అభిప్రాయం వేరు. ఇంజిన్ మంచిదే. నన్ను ఏడిపించింది నాకంటే ముందు దీన్ని "బాగుచేసిన" వాళ్లు.

ఉదాహరణకు ఆయిల్ ప్రెషర్. కొన్న కొత్తలో ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ ముల్లు దాదాపు సున్నాకు పడేది. ఈ ఇంజిన్‌కు వేడిమీద ప్రెషర్ తక్కువే ఉంటుందని తెలిసినవాళ్లు అన్నారు. కొంతవరకూ నిజం. కానీ రెండు వేల ఆర్‌పీఎమ్‌కు ఎక్కించినా ముల్లు లేవకపోతే అది గుణం కాదు, రోగం. ఇంజిన్ ఎలాగూ దింపాలి, క్లచ్ మార్చాలి కాబట్టి ఇంజిన్ ఎత్తే హాయిస్ట్ అద్దెకు తెచ్చి దింపాం. స్టాండ్ మీద తిరగేసి సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పితే, ఆయిల్ పీల్చే పికప్ జల్లెడ నిండా నీలం రంగు ముక్కలు. వానపాముల్లా మెలికలు తిరిగి, కొన్ని వేలెడంత పొడవు. సిలికాన్ సీలెంట్! ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌లను మోసే క్యామ్ క్యారియర్లను హెడ్ మీద కూర్చోబెట్టేటప్పుడు సీలెంట్ పలచగా, పొరలా పూయాలి. ఎవరో మహానుభావుడు ఆయిల్ లీక్ ఆపాలని ట్యూబు ట్యూబంతా పిండేశాడు. బిగించినప్పుడు బయటికి పొంగింది తుడిచాడు, లోపలికి పొంగింది ఆయిల్లో పడింది. ఆయిల్ దాన్ని కిందికి మోసుకొచ్చి జల్లెడలో పెట్టింది. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగుతూ కూర్చున్నాను. బేరింగులు విప్పి చూస్తే గీతలు పడ్డాయి గానీ క్రాంక్ బాగానే ఉంది. కొత్త బేరింగులు, కడిగిన జల్లెడ, పలచటి సీలెంట్. ఇప్పుడు వేడిమీద కూడా ముల్లు మర్యాదగా నిలబడుతుంది. క్యామ్ కవర్ల దగ్గర చిన్న చెమ్మ ఇప్పటికీ ఉంది, దాన్ని నేను పట్టించుకోను.

వైరింగ్ సంగతి ఇంకో పురాణం. బ్రిటిష్ కార్లకు కరెంటు సామాను చేసిన లూకస్ మీద జోకులకు లెక్కలేదు, లూకస్‌ను "చీకటి రాజు" అంటారు ఇక్కడ. లూకస్-టీవీఎస్ పేరు చూస్తూ పెరిగిన మనకు అదేమీ పరాయి పేరు కాదు. అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా, తెనాలిలో మా మామయ్య బండికి ఇలాంటి వైర్లు పళ్లతో ఒలిచి కలపడం చూసినవాణ్ణి. అందుకే భయం లేకుండా డాష్ కింద తల పెట్టాను. ఫ్యాక్టరీ వైర్లు, వాటి రంగులు, కనెక్టర్లు యాభై ఏళ్ల తర్వాత కూడా చక్కగా ఉన్నాయి. పాడైనవల్లా తర్వాత కలిపినవే. స్టీరియో కోసం ఒకటి, అలారం కోసం ఇంకొకటి, ఎందుకో తెలియని నాలుగు. ఇళ్లలో ఫ్యాన్ బిగించేటప్పుడు వాడే ప్లాస్టిక్ టోపీలతో ముడేసినవి రెండు దొరికాయి. కలిపినవన్నీ కోసేసి, ఎర్త్ పాయింట్లు గీకి శుభ్రం చేసి బిగించాను. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టాను. ఆ తర్వాత కరెంటు వల్ల కారు ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. పాపం లూకస్!

మీరు ఇలాంటిది కొంటే అన్నిటికంటే ముందు చేయాల్సిన పని మాత్రం పెట్రోల్ పైపులు. ఇందులో వాయిదాకు తావు లేదు. ఈ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా కార్బ్యురేటర్ల కింద ఉంటుంది. పైనుంచి పెట్రోల్ బొట్టు పడితే కింద నిప్పురవ్వ సిద్ధం. ఇలా తగలబడ్డ జెన్సెన్-హీలీలు ఉన్నాయి. పైగా ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్, పాత రబ్బరును అది మెత్తగా చేసేస్తుంది. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా అన్నీ ఇథనాల్ పెట్రోల్‌కు తగ్గ 30ఆర్9 రకం పైపులు వేశాను, మంచి క్లాంపులు పెట్టాను, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సీటు ముందే బిగించాను. మా ఆవిడ ఈ కారు ఎక్కడానికి పెట్టిన ఏకైక షరతు ఆ చివరిది.

రెండోది టైమింగ్ బెల్ట్. తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజిన్ కథ ముగుస్తుంది. "మొన్నే మార్చాం" అన్నాడు అమ్మినాయన. ఎవరు అన్నా సరే, రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టు, టెన్షనర్ బేరింగ్ కలిపి మార్చేయండి. పని కష్టం కాదు, మార్కులు కలపడంలో ఓపిక కావాలి.

స్ట్రాంబర్గ్‌లను చాలామంది పీకేసి ఇటలీ కార్బ్యురేటర్లు డెల్ ఓర్టోలు పెడతారు. ఇంగ్లండ్‌లో అమ్మిన కార్లకు మొదటి నుంచీ అవే. పవర్ తేడా నిజమే. అయినా నేను స్ట్రాంబర్గ్‌లే ఉంచుకున్నాను. వాటిలో పాడయ్యేది ప్రధానంగా ఒక పలచటి రబ్బరు డయాఫ్రమ్, పైన నాలుగు స్క్రూలు విప్పితే చేతికొస్తుంది. చిరుగు ఉందో లేదో వెలుతురుకు పట్టుకుంటే తెలిసిపోతుంది. దాని అంచున ఉండే చిన్న నాలుక గాడిలో కూర్చుందా లేదా చూసుకుని మూత పెట్టాలి, డ్యాంపర్‌లో కాస్త ఆయిల్ పోయాలి. అంతే.

పార్టుల విషయంలో అనుకున్నంత ఇబ్బంది పడలేదు. ఇంజిన్ వంశం ఎస్ప్రీలో 1990ల చివరి దాకా బతికింది కాబట్టి బేరింగులు, గాస్కెట్లు, వాల్వులు దొరుకుతాయి. ముందు సస్పెన్షన్ వాక్స్‌హాల్ అనే బ్రిటిష్ కంపెనీది, అది అమెరికాలో ఎవరికీ పెద్దగా తెలియదు, బాల్ జాయింట్లు ఇంగ్లండ్ నుంచే తెప్పించాను. గేర్‌బాక్స్ ఇంకో బ్రిటిష్ కారు సన్‌బీమ్ రేపియర్‌ది. 1974 చివర్లో వచ్చిన అయిదు గేర్ల కార్లకు జర్మన్ కంపెనీ గెట్రాగ్ గేర్‌బాక్స్. స్పానర్లు మాత్రం రెండు సెట్లు పెట్టుకోండి, కొన్ని నట్లు అంగుళాల లెక్క, కొన్ని మిల్లీమీటర్లు. 13 అంగుళాల టైర్లు మంచి కంపెనీవి దొరకడం ఇంజిన్ పార్టులకంటే కష్టం అయిపోయింది.

తుప్పు గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే నా అదృష్టం. ఉప్పు చల్లే రోడ్ల ఊళ్ల నుంచి వచ్చిన కారైతే సిల్స్ (తలుపుల కింది అంచులు), ఫుట్‌వెల్స్ (కాళ్లు పెట్టే చోటు), వెనక చక్రాల పైభాగం స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఛాసిస్ వేరుగా ఉండదు, బాడీయే ఛాసిస్. అది పోతే వెల్డింగ్ ఖర్చు కారు ధర దాటుతుంది. పెయింట్ బయట వేయించాను. పని అడిగిన తేదీకి కాదు కదా, అడిగిన సంవత్సరానికి కూడా పూర్తి కాలేదు. దాని గురించి ఇంతకంటే రాయను, బీపీ వస్తుంది.

ఇక నడపడం. బరువు ఒక టన్ను చుట్టుపక్కల, ఇంజిన్ 140 హార్స్‌పవర్ లెక్కలో ఉంటుంది. ఇప్పటి క్యామ్రీ ముందు అంకెల్లో ఏమీ కాదు. కానీ శాన్ హోసే నుంచి లిక్ అబ్జర్వేటరీకి ఎక్కే మౌంట్ హామిల్టన్ రోడ్డు మీద, మూడో గేర్‌లో ఆర్‌పీఎమ్ ముల్లు నాలుగు వేలు దాటాక ఈ ఇంజిన్ గొంతు మారుతుంది. అప్పటిదాకా సణుగుతున్నది ఒక్కసారిగా పాట అందుకుంటుంది. స్టీరింగ్ తేలిక, రోడ్డు మీద చిన్న గులకరాయి కూడా అరచేతికి తెలుస్తుంది. బ్రేకులు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, దిగేటప్పుడు గేర్ మీద ఆధారపడటం మంచిది. 880 ఫ్రీవే మీద మాత్రం ఇది శిక్ష. అరవై అయిదు మైళ్ల దగ్గర ఇంజిన్ మూడున్నర వేల ఆర్‌పీఎమ్ దాటి తిరుగుతూ ఉంటుంది, పక్కన లారీ చక్రం మీ చెవి ఎత్తులో ఉంటుంది, ఫోన్ మాట్లాడటం అసాధ్యం. అయిదు గేర్ల కారు కొంటే ఈ గోల తగ్గుతుందనుకుంటారు, తగ్గదు. ఆ బాక్స్‌లో అయిదో గేర్ ఇంజిన్ వేగం తగ్గించే ఓవర్‌డ్రైవ్ కాదు, మన నాలుగో గేర్‌తో సమానం. గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మొదటి గేర్ కిందికి లాగాలి. అందుకోసం రెండింతలు ఇవ్వక్కర్లేదు.

రూఫ్ వర్షానికి కారుతుంది. హీటర్ బాగా పనిచేస్తుంది, ఆగస్టులో కూడా. విజయవాడ నుంచి అమ్మ వీడియో కాల్‌లో గ్యారేజీ చూసి, "ఏరా, అంత డబ్బు పోసి టాప్ లేని కారు కొన్నావా, ఏసీ అయినా ఉందా?" అంది. లేదు. ఆ కాలంలో ఏసీ ఆప్షనే, నా కారుకు పెట్టించుకోలేదు మొదటి ఓనరు.

ఖర్చు నిజంగా చెప్తాను. కొన్న ధరకు మూడింతల పైనే పెట్టాను, లేబర్ ఎక్కువ భాగం నాదే. ఇవాళ అమ్మితే అందులో సగం వెనక్కి రావచ్చు. ఆ కాలపు ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ కొంటే పార్టులు ఇంకా చవక, మెకానిక్‌లు ఎక్కువ. రెండో కారు ఇదే అయి, రోజూ ఆఫీసుకు దీంట్లోనే వెళ్లాలంటే ఎంజీబీ కూడా వద్దు, మాజ్దా మియాటా కొనుక్కోండి. గ్యారేజీలో చోటుండి, శనివారాలు చేతులకు నల్ల ఆయిల్ అంటుకుంటే చిరాకు పడని వాళ్లకైతే ఈ ధరలో ఇలాంటి ఇంజిన్ ఉన్న బ్రిటిష్ కారు ఇంకోటి లేదు.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయమని ముందే ఫోన్‌లో చెప్పండి, ఇరవై నిమిషాలు నడిపాక ఆయిల్ ముల్లు చూడండి, డాష్ కింద టార్చ్ వేసి తర్వాత కలిపిన వైర్లు లెక్కపెట్టండి. క్యామ్ కవర్ల అంచున సీలెంట్ లావుగా పొంగి కనిపిస్తే సంప్ విప్పే ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం మొదలుపెట్టండి.