దారిలో తరిగిపోయే యూరోలు: విశాఖ నుంచి జర్మనీకి బ్యాంకు టీటీ, 2023 నుంచి నా అనుభవం

విదేశాలకు డబ్బు పంపే సేవల గురించి ఎవరు రాసినా మొదట మారకపు రేటు గురించే రాస్తారు. అది సబబే. జర్మనీలో చదువుకు వెళ్లే విద్యార్థి బ్లాక్డ్ ఖాతాలో (వీసా కోసం ఏడాది జీవన ఖర్చులు ముందే జమచేసి చూపే ఖాతా) 2023లో చూపించవలసిన మొత్తం 11,208 యూరోలు. యూరోకు అర్ధరూపాయి తేడా వస్తే దాని మీద 5,604 రూపాయలు అటో ఇటో అవుతాయి. అయినా ఆ సంవత్సరం వేసవి నుంచి మా అమ్మాయికి బ్యాంకు టీటీ (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, అంటే బ్యాంకు నుంచి విదేశీ బ్యాంకుకు డబ్బు బదిలీ) ద్వారానే డబ్బు పంపుతున్న నాకు ఇప్పటికీ మనసులో మానని కోపం ఉన్నది రేటు మీద కాదు. దరఖాస్తులో ఒక మూల, విదేశీ బ్యాంకు ఛార్జీలు ఎవరు భరిస్తారు అని అడిగే చిన్న గడి ఒకటుంటుంది. నా కోపమంతా దాని మీదే.

పాన్, పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, ఏ2 ఫారం వంటి పత్రాల సంగతి ఈపాటికి ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఉక్కునగరంలోనైనా ఎంవీపీ కాలనీలోనైనా వీధికి ఒక పిల్లో పిల్లవాడో విదేశంలో ఉన్న రోజులివి. కనుక ఆ జాబితా జోలికి పోను. నేను వాడినది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసినంత కాలం నా జీతం పడిన బ్యాంకు. మా ఇంటి దగ్గరి శాఖలో విదేశీ మారకం పని జరగదు; కాగితాలు అక్కడే తీసుకున్నా, అసలు పని ద్వారకానగర్ వైపున్న పెద్ద శాఖలోని ఫారెక్స్ డెస్కులో జరుగుతుంది. అక్కడి సిబ్బంది మర్యాదస్తులు. పాత ఖాతాదారుణ్ణని, ఆనాటి కార్డు రేటు (బ్యాంకు ఉదయం ప్రకటించే మారకపు రేటు) మీద యూరోకు నలభై పైసలు తగ్గించారు కూడా. అంత పెద్ద మొత్తానికి మారకం విలువ మీద పడే జీఎస్టీ వెయ్యి రూపాయల లోపే ఉండటం చూసి, ఇక ఖర్చుల లెక్క ముగిసిందనే అనుకున్నాము.

బ్లాక్డ్ ఖాతా నిర్వహించే జర్మన్ సంస్థ తన సేవా రుసుముతో కలిపి ఎంత పంపమన్నదో సరిగ్గా అంతే పంపాము. ఆ సంస్థ నుంచి ఈమెయిలు వచ్చింది: చేరిన మొత్తం ఇరవై యూరోలకు కొద్దిగా తక్కువగా లోటు పడింది, పూర్తి మొత్తం జమ అయ్యేదాకా ధ్రువపత్రం ఇవ్వడం కుదరదు. ఆ ధ్రువపత్రం లేకపోతే వీసా దరఖాస్తు ముందుకు కదలదు. పది లక్షల రూపాయలకు పైగా పంపిన తరువాత, దాదాపు పద్దెనిమిది వందల రూపాయల దగ్గర పిల్ల భవిష్యత్తు ఆగిపోవడమేమిటని నేను శాఖకు వెళ్లి గట్టిగానే అడిగాను. ‘మా వైపు నుంచి పూర్తిగా వెళ్లిందండి, స్విఫ్ట్ కాపీ చూడండి’ అన్నారు. కాపీలో, అంటే బ్యాంకు విదేశానికి పంపిన చెల్లింపు సందేశం ప్రతిలో, పూర్తి మొత్తమే ఉంది. జర్మన్ సంస్థను అడిగితే తమకు వచ్చినది ఇంతేనని స్టేట్‌మెంటు పంపింది. ఇద్దరి మాటా నిజమే. లోటు కూడా నిజమే.

ఈ చిక్కుముడి విప్పినది ఆ డెస్కులో కొత్తగా చేరిన ఒక కుర్ర ఆఫీసరు. స్విఫ్ట్ సందేశంలో యూఈటీఆర్ అనే 36 అక్షరాల గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. 2018 చివరి నుంచి ప్రతి చెల్లింపు సందేశానికీ అది తప్పనిసరి. దాన్ని బ్యాంకువారి ట్రాకర్‌లో పెట్టి చూస్తే డబ్బు ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకు వెళ్లిందో, మధ్యలో ఎవరు ఎంత కోసుకున్నారో వరుసగా కనిపించింది. మన బ్యాంకుకు యూరప్‌లో యూరోల నోస్ట్రో ఖాతా (అక్కడి బ్యాంకులో మన బ్యాంకు పేరిట ఉండే ఖాతా) ఒకటి ఉంటుంది; మనం ఇక్కడ రూపాయలు కడితే, అక్కడి ఖాతాలోంచి ఇన్ని యూరోలు ఫలానా వారికి ఇవ్వండని సందేశం వెళుతుంది. ఆ ఖాతా ఉన్న బ్యాంకు తన కూలీ తాను తీసుకొని మిగతాది ముందుకు పంపింది. ఎందుకు తీసుకోగలిగిందంటే, మా దరఖాస్తులో ఆ గడి ‘షేర్డ్’ అని ఉంది కాబట్టి. ఇక్కడి బ్యాంకు ఖర్చు మనది, దారిలో పడే ఖర్చు అందుకునేవారిది అని దాని అర్థం. ఆ గడిని మాలో ఎవరమూ నింపలేదు. ముద్రించిన ఫారంలోనే అక్కడ టిక్కు పెట్టి ఉంది. ఒక్క సెంటు తగ్గినా తిరస్కరించే ఖాతాకు డబ్బు పంపుతున్నామని అడ్మిషన్ లెటరూ, బ్లాక్డ్ ఖాతా పత్రమూ చూసి తెలిసినవారే అలాంటి ఫారం చేతికివ్వడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

అసలు విడ్డూరం దీని తరువాత మొదలైంది. లోటు ఇరవై యూరోలే కదా, పంపేద్దామంటే అదే పద్ధతిలో పంపితే అదే మధ్యవర్తి బ్యాంకు మళ్లీ దాదాపు అంతే కోసుకుంటుంది, చేరేది సున్నా. ఇరవై చేరాలంటే నలభై పంపాలి. దాని మీద ఇక్కడి బ్యాంకు కమీషను వేరు, స్విఫ్ట్ ఖర్చు వేరు. మారకం ఎంత చిన్నదైనా జీఎస్టీ లెక్కకు కనీస విలువ 250 రూపాయలు కనుక 45 రూపాయల పన్నూ ఉంటుంది. కోడి కన్నా మసాలా ఖరీదెక్కువ అయ్యే బేరమది. ఆ కుర్రాడే, ఈసారి ఛార్జీలన్నీ పంపేవారివే అన్న ‘అవర్’ గడిలో టిక్కు పెట్టిద్దాం సార్ అన్నాడు. విదేశీ ఛార్జీల కింద బ్యాంకు ఇక్కడే రూపాయల్లో ఒక స్థిరమైన మొత్తం తీసుకుంది. అది రెండు వేల లోపే. పంపిన ఇరవై యూరోలు ఇరవైగానే చేరాయి. ధ్రువపత్రం వచ్చింది. మొదటిసారే ఆ గడి అలా ఉండి ఉంటే, ఆ రెండు వేలతో మొత్తం వ్యవహారం ఒక్కపూటలో తేలిపోయేది.

అప్పటి నుంచి నేను పంపిన ప్రతి టీటీకీ ఆ గడిని నా చేతితోనే నింపుతున్నాను. అమ్మాయి ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు డిపాజిట్టు ఇక్కడి నుంచే పంపవలసి వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం ఇతర ఖర్చులు కలపని అసలు అద్దె మూడు నెలలది వరకూ డిపాజిట్టు అడగవచ్చు; అంత మొత్తమూ సెంటు తేడా లేకుండా ఇంటి యజమాని ఖాతాలో పడింది. ఆ సౌఖ్యం ముందు రేటులో పది పైసలు నాకు పెద్దగా పట్టవు.

అలాగని ‘అవర్’ అన్నది సర్వరోగ నివారిణి కాదు. తరువాత ఒకసారి హాస్టల్ కార్యాలయానికి పంపినప్పుడు కొద్ది యూరోలు తగ్గాయి; అది దారి ఖర్చు కాదు, బయటి దేశాల నుంచి వచ్చే డబ్బుకు అందుకునే బ్యాంకు తన ఖాతాదారు నుంచి తీసుకునే రుసుము. దాన్ని మనం ఇక్కడి నుంచి ఆపలేము. డాలర్ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. మా తమ్ముడి కొడుకు ఫీజు అమెరికాకు ‘అవర్’ మీదే పంపినా మధ్యలో కోత తప్పలేదు. అక్కడి మధ్యవర్తి బ్యాంకులు ఆ సూచనను ప్రతిసారీ పాటించవని తరువాత తెలిసింది.

రేటు తగ్గింపు గురించి పైన చెప్పిన మంచి మాటనూ కొంత సవరించుకోవాలి. ఆ నలభై పైసలు తగ్గించినది బ్యాంకు ఉదయం ప్రకటించిన కార్డు రేటు మీద. మధ్యాహ్నానికి మార్కెట్టులో యూరో దిగితే, తగ్గింపు ఇచ్చిన తరువాత కూడా మన రేటు బయటి రేటు కన్నా చాలా పైనే ఉంటుంది. ఇప్పుడు నేను డెస్కుకు ఫోన్ చేసి ఆ గంటకు ఎంత ఇస్తారని అడిగి, అదే గంటకు వేరే చోట కూడా అడుగుతాను. పెద్ద మొత్తాలకు నా బ్యాంకు పోటీలో నిలబడుతుంది. నెల ఖర్చులకు పంపే చిన్న మొత్తాలకు నిలబడదు. పైగా అదే బ్యాంకు యాప్‌లో పంపుదామంటే ఆ గడే కనిపించదు, అన్నీ ‘షేర్డ్’ మీదే వెళతాయి. అంటే ఇంట్లో కూర్చుని పంపే సౌకర్యం కావాలంటే కోతకు ఒప్పుకోవాలి, కోత వద్దంటే ద్వారకానగర్ దాకా వెళ్లి పార్కింగు కోసం తిరగాలి.

సిబ్బంది చేసిన ఒక మేలు మాత్రం మరవలేను. 2023 అక్టోబర్ 1 నుంచి కుటుంబ పోషణ పేరుతో పంపే డబ్బు ఏడాదికి ఏడు లక్షలు దాటితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) ఇరవై శాతమైంది. చదువుకైతే అప్పట్లో ఐదు శాతమే. మా పరిమితి బ్లాక్డ్ ఖాతాతోనే దాటిపోయింది. ఆ తరువాత పంపిన ఖర్చుల డబ్బుకు, ఎందుకు పంపుతున్నామో చెప్పే కోడుల్లో ఎస్1301 అనే పోషణ కోడు కాక, చదువు, వసతి ఖర్చులకు వర్తించే ఎస్0305 వేయాలని, అందుకు యూనివర్సిటీ నమోదు పత్రం జతచేయాలని చెప్పినది ఆ డెస్కువారే. లక్షకు ఇరవై వేలు కట్టవలసిన చోట ఐదు వేలతో పోయింది. రిటర్ను వేసినప్పుడు ఆ డబ్బు లెక్కలోకి వచ్చేదే అయినా, పింఛను మీద బతికేవాడికి అన్ని నెలలు చేతిలోంచి పోవడం చిన్న విషయం కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి పది లక్షలైంది కనుక ఈ బాధ ఇప్పుడు కొంత తక్కువ.

నేను ఈ బ్యాంకులోనే కొనసాగుతున్నాను. అందుకు కారణం పాత ఖాతా, తెలిసిన మనుషులు, పనిరోజుల్లో శాఖకు వెళ్లగలిగే తీరిక. ఉద్యోగంలో ఉండి సెలవు పెట్టలేనివారికీ, శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో రావలసినవారికీ ఇదే మేలని చెప్పలేను. విద్యారుణం తీసుకున్నవారికి డబ్బు నేరుగా రుణమిచ్చిన బ్యాంకు నుంచే వెళుతుంది కనుక వారి లెక్క వేరు. అయితే అక్కడ కూడా ఫారం మీద సంతకం చేసే ముందు ఆ గడిలో ఏముందో అడగండి. బ్లాక్డ్ ఖాతాకు పంపేవారు (చూపించవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలైంది) డెస్కులో ‘అవర్’ అని రాయించుకొని, స్విఫ్ట్ కాపీతో పాటు యూఈటీఆర్ సంఖ్యను కూడా అదే రోజు తీసుకోవడం మంచిది.