జాగ్రత్త: "ఒక్క క్లిక్‌తో అప్‌గ్రేడ్ అవుతుంది" అని అమ్మే స్టోరేజ్ సర్వర్లు

వాడిన హోమ్ స్టోరేజ్ సర్వర్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఇది: "ఓఎస్ కొంచెం పాతది, కొన్నాక ఒక్క క్లిక్‌తో అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు." కొంప ముంచేది ఆ ఒక్క క్లిక్కే. నిజంగా అంత తేలికైతే అమ్మేవాళ్లే చేసి, కొత్త వెర్షన్ అని చూపించి ఇంకాస్త ఎక్కువ ధరకి అమ్ముకునేవాళ్లు కదా.

ముందు ఒక సంగతి. అప్‌గ్రేడ్ బెడిసికొట్టినంత మాత్రాన డేటా పోదు. ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ లాంటి స్టోరేజ్ సాఫ్ట్‌వేర్లలో ఓఎస్ వేరే బూట్ డిస్క్ మీద ఉంటుంది, అప్‌గ్రేడ్ రాసేదీ దాని మీదే. డేటా పోయేది ఆ తర్వాత అరగంటలో, కంగారులో. కొత్త ఓఎస్‌కి డిస్కులు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాయి, "క్రియేట్ పూల్" (డిస్కులన్నీ కలిపి ఒకే నిల్వగా కట్టడం) అనో "వైప్" అనో ఒక బటన్ ఎదురుగా ఉంటుంది, వేలు దాని మీదికి పోతుంది. కొన్ని రెడీమేడ్ పెట్టెల సంగతి వేరు: వాటిలో ఓఎస్ ప్రతి డేటా డిస్క్ మీదా ఒక చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. బ్యాకప్ లేకుండా అలాంటి దాన్ని అప్‌గ్రేడ్ చేయకండి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది వీడియో పోర్ట్ గానీ సీరియల్ పోర్ట్ గానీ ఉందా అని. హెచ్‌డీఎంఐ, వీజీఏ, సీరియల్, ఏదో ఒకటి ఉండాలి. ఏదీ లేని పెట్టె అప్‌గ్రేడ్ తర్వాత లేవకపోతే లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే దారే ఉండదు. రెండోది బూట్ డిస్క్. పెన్‌డ్రైవ్ మీద ఓఎస్ నడుస్తుంటే దాన్ని అనుమానించాల్సిందే. ఏళ్ల తరబడి లాగ్‌లు రాసి రాసి దాని సెల్స్ అరిగిపోయి ఉంటాయి. రోజూ కాస్త కాస్త రాస్తున్నంతకాలం బయటపడదు. అప్‌గ్రేడ్‌లో ఒకేసారి గిగాబైట్ల లెక్కన రాయాల్సి వచ్చినప్పుడు చేతులెత్తేస్తుంది. నిందేమో కొత్త వెర్షన్ మీద పడుతుంది.

ఇంకో మోసం రీబూట్‌లోనే ఉంది. ఇంటెల్ ఆటమ్ సీ2000 వరస ప్రాసెసర్లు, అంటే సీ2358, సీ2538, సీ2750 లాంటివి, చాలా స్టోరేజ్ పెట్టెల్లో వాడారు. వాటి తొలి స్టెప్పింగ్ (చిప్ తయారీ వెర్షన్) బీ0లో క్లాక్ సిగ్నల్ కాలక్రమంలో ఆగిపోయే లోపం ఉందని ఇంటెల్ 2017లో ఏవీఆర్54 పేరుతో ప్రకటించింది. సీ0 స్టెప్పింగ్‌లో సరిచేసింది. ఇలాంటి పెట్టె తరచూ నడుస్తున్నంతసేపూ బాగానే నడుస్తుంది, రీబూట్ చేస్తే బయోస్‌ని (ఆన్ చేయగానే నడిచే తొలి ప్రోగ్రామ్‌ని) చదవలేక అక్కడే నిలిచిపోతుంది. నెలల తరబడి ఆపకుండా నడిచిన సర్వర్‌ని మొదటిసారి రీబూట్ చేసేది అప్‌గ్రేడే కాబట్టి తప్పు దానిదే అనిపిస్తుంది. అందుకే అమ్మేవాళ్లు ముందే ఆన్ చేసి ఉంచిన పెట్టెను చూసి కొనకండి. మీ ఎదుటే ఆపించండి, కరెంట్ వైర్ తీయించండి, పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ పెట్టమనండి. తేదీ తప్పు చూపిస్తే సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. ఇది చిన్న విషయం కాదు. గడియారం వెనక్కి పోతే ప్యాకేజీల సంతకాలు ఇంకా చెల్లవని అప్‌గ్రేడ్ ఆగిపోతుంది. బయోస్ సెట్టింగులు చెరిగిపోతే బూట్ వరస మారి, డేటా డిస్క్ నుంచి లేవాలని చూస్తుంది.

డెబియన్ అనే లినక్స్ ఆధారిత వ్యవస్థ అయితే వెర్షన్లు దూకడానికి వీల్లేదు. ఓపెన్‌మీడియావాల్ట్ 5 డెబియన్ 10 మీద, 6 డెబియన్ 11 మీద, 7 డెబియన్ 12 మీద నడుస్తాయి. 5 నుంచి 7కి వెళ్లాలంటే మధ్యలో 6 ఎక్కి దిగాల్సిందే. ఒక్కో మెట్టుకీ ఓఎంవీ-రిలీజ్-అప్‌గ్రేడ్ అనే కమాండ్ నడపాలి, రీబూట్ చేసి అన్నీ లేచాయో లేదో చూసుకోవాలి. మద్దతు ముగిసిన వెర్షన్ల ప్యాకేజీలు కొంతకాలానికి ఆర్కైవ్ సర్వర్‌కి తరలిపోతాయి కాబట్టి పాత చిరునామాలు 404 అంటాయి. అంత పాత వెర్షన్‌తో పెట్టె దొరికితే అప్‌గ్రేడ్ ఊసెత్తకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు. బూట్ పార్టిషన్‌లో జాగా కూడా చూడండి, 300 ఎంబీ అయినా ఖాళీ ఉండాలి. పాత కెర్నళ్లతో (ఓఎస్ మూల ప్రోగ్రామ్‌లతో) అది నిండిపోతే బూట్‌కి కావాల్సిన కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలు రాయడం సగంలో ఆగుతుంది, ఆ సగం ఫైలుతో రీబూట్ చేస్తే ఇక లేవదు. ఎస్‌ఎస్‌హెచ్ మీద (నెట్‌వర్క్ ద్వారా వేరే కంప్యూటర్ నుంచి) చేస్తుంటే, కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్‌లో చేయండి. లేదంటే వైఫై తెగి కనెక్షన్ పోతే ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ నడిమధ్యలో చచ్చిపోవచ్చు.

ఇక లేవలేదనుకుందాం. వెంటనే పవర్ పీకకండి. మొదటి బూట్‌లో పాత సెట్టింగులను కొత్త రూపంలోకి మార్చుకుంటూ ఉంటుంది, అరగంట ఓపిక పట్టండి. తర్వాత స్క్రీన్, కీబోర్డ్ తగిలించి ఏముందో చదవండి. అక్కడ కనిపించేదాన్ని బట్టే మందు.

లాగిన్ ప్రాంప్ట్ ఉంటే సంబరపడండి. ఓఎస్ బాగానే ఉంది, పోయింది నెట్‌వర్క్ ఒక్కటే. కొత్త కెర్నల్ వచ్చాక నెట్‌వర్క్ కార్డు పేరు మారడం మామూలే. ఈటీహెచ్0 అని ఉన్నది ఈఎన్‌పీ3ఎస్0 అవుతుంది, స్థిరంగా ఇచ్చిన ఐపీ పాత పేరుకే అతుక్కుని ఉంటుంది. ఓపెన్‌మీడియావాల్ట్‌లో ఓఎంవీ-ఫస్ట్‌ఎయిడ్ నడిపి నెట్‌వర్క్‌ని మళ్లీ సెట్ చేస్తే సరిపోతుంది. కార్డే కనిపించకపోతే ఫర్మ్‌వేర్ రాలేదేమో చూడండి. డెబియన్ 12లో ఫర్మ్‌వేర్‌ని నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే వేరే విభాగంలోకి మార్చారు, సోర్సెస్ జాబితాలో ఆ మాట చేర్చకపోతే కొన్ని రియల్‌టెక్ కార్డులు ఇబ్బంది పెడతాయి.

స్క్రీన్ మీద ఎర్ర * గుర్తులు అటూ ఇటూ ఊగుతూ, పక్కన "1మిని 30సె" అని గడియారం నడుస్తూ, చివరికి ఎమర్జెన్సీ మోడ్ వచ్చిందంటే చాలావరకు ఎఫ్‌స్టాబ్ (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఫైలు) గొడవే. ఏదో డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, అది రాకపోయేసరికి మొత్తం బూట్‌నే ఆపేసింది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి, ఎల్‌ఎస్‌బ్లాక్ కమాండ్‌తో ఉన్న డిస్కులు చూడండి, ఎఫ్‌స్టాబ్‌లో రాని డిస్క్ వరస ముందు # పెట్టి రీబూట్ చేయండి. తర్వాత ఎస్‌డీబీ1 లాంటి పేర్లు తీసేసి యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు) రాయండి, డిస్క్ రాకపోయినా బూట్ ఆగకుండా నోఫెయిల్ చేర్చండి. ఓపెన్‌మీడియావాల్ట్ తన గుర్తుల మధ్య రాసుకున్న వరసలను మీరు చేత్తో మార్చినా అది మళ్లీ తిరగరాస్తుంది కాబట్టి అది ఆ పూటకే పనికొస్తుంది, అసలు మార్పు వెబ్ పేజీలో చేయాలి. రూట్‌కి పాస్‌వర్డే లేని పెట్టె అయితే ఎమర్జెన్సీ మోడ్ మిమ్మల్ని లోపలికి రానివ్వదు, "రూట్ అకౌంట్ లాక్ అయింది" అని మొహం మీదే తలుపేస్తుంది. అప్‌గ్రేడ్‌కి ముందే పాస్‌వర్డ్ పెట్టుకోండి.

స్క్రీన్ మీద గ్రబ్ రెస్క్యూ వస్తే బూట్‌లోడర్ (ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్) ఒక డిస్క్ మీద పాతది, ఇంకో డిస్క్ మీద కొత్తది ఉండి పొత్తు కుదరకపోయి ఉండొచ్చు. లైవ్ యూఎస్‌బీతో లేచి, సీహెచ్‌రూట్‌తో బూట్ డిస్క్ మీది ఓఎస్‌లోకి వెళ్లి, సరైన బూట్ డిస్క్‌కి గ్రబ్-ఇన్‌స్టాల్ చేయాలి. ఈ పనికి ముందు డేటా డిస్కుల సీరియల్ నంబర్లు, ఏది ఏ స్లాట్‌లో ఉందో కాగితం మీద రాసుకుని, వాటిని బయటికి లాగేయండి. లేని డిస్క్‌ని పొరపాటున కూడా చెరపలేరు.

లేచింది గానీ రెయిడ్ (కలిపి కట్టిన డిస్కుల గుంపు) కనిపించడం లేదా? లినక్స్‌లో రెయిడ్‌ని నడిపే కమాండ్ ఎండీఆడ్మ్‌కి అసెంబుల్, స్కాన్, రీడ్‌ఓన్లీ చెప్పండి. క్రియేట్ మాత్రం చచ్చినా వాడకండి, అది రెయిడ్ వివరాలుండే సూపర్‌బ్లాక్‌లు తిరగరాస్తుంది. ఎండీ0 కాస్తా ఎండీ127 అయి ఉంటే కంగారు లేదు, పేరు మారింది అంతే. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే జెడ్‌పూల్ ఇంపోర్ట్ అని మాత్రమే కొట్టండి, ఏ పూళ్లు ఉన్నాయో చూపిస్తుంది, దేన్నీ మార్చదు. తర్వాత రీడ్‌ఓన్లీ=ఆన్‌తో ఇంపోర్ట్ చేసి ఫైళ్లు చూసుకోండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో చెక్ రిపేర్ జోలికి పోకండి.

ట్రూనాస్ కొంటున్నవాళ్లకి రెండు మాటలు. కోర్ ఫ్రీబీఎస్‌డీ మీద, స్కేల్ లినక్స్ మీద నడుస్తాయి. కోర్ నుంచి స్కేల్‌కి వెళ్తే జైల్స్ (యాప్‌లు నడిపే విడి గదులు) రావు. పాత గెలీ ఎన్‌క్రిప్షన్ పెట్టిన పూల్‌ని స్కేల్ అసలు తెరవలేదు, ముందే డేటా వేరే చోటికి తీసి పెట్టుకోవాలి. స్కేల్‌లోనే 24.10కి వస్తే యాప్‌లు నడిపే పద్ధతి కుబర్నెటిస్ నుంచి డాకర్‌కి మారింది, బయటి క్యాటలాగ్‌ల నుంచి వేసుకున్న యాప్‌లు వాటంతట అవి రావు. కాన్ఫిగ్ ఫైలు దించుకునేటప్పుడు సీక్రెట్ సీడ్ కూడా టిక్ పెట్టండి, అది లేకపోతే దాచిన పాస్‌వర్డ్‌లు కొత్త ఇన్‌స్టాల్‌లో తెరుచుకోవు.

పూల్‌కి కొత్త ఫీచర్లు ఉన్నాయి, అప్‌గ్రేడ్ చేయమని ఒక నోటీసు పదే పదే వస్తుంది. పట్టించుకోకండి. జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేస్తే మళ్లీ వెనక్కి రాలేరు. పాత ఓఎస్ ఆ పూల్‌ని ఇక రాయడానికి తెరవకపోవచ్చు, బూట్ ఎన్విరాన్‌మెంట్‌తో (దాచి ఉంచిన పాత ఓఎస్ ప్రతితో) వెనక్కి వెళ్లే దారీ అక్కడితో మూసుకుపోతుంది. కనీసం నెల రోజులు కొత్త వెర్షన్ నడిచాక ఆలోచించుకోండి.

వాడిన పెట్టె చేతికొచ్చాక అసలు అప్‌గ్రేడ్ బటనే నొక్కకపోవడం ఉత్తమం. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ తెచ్చుకోండి. కాన్ఫిగ్ దించుకున్నాక పాత బూట్ డిస్క్, డేటా డిస్కులు అన్నీ తీసేసి, కొత్త ఓఎస్‌ని ఆ ఎస్‌ఎస్‌డీ మీద శుభ్రంగా వేయండి. ఒక రాత్రి ఖాళీగా నడవనివ్వండి. తర్వాత డేటా డిస్కులు పెట్టి పూల్ ఇంపోర్ట్ చేయండి. ట్రూనాస్ అయితే కాన్ఫిగ్ ఎక్కించండి, ఓపెన్‌మీడియావాల్ట్‌లో షేర్లు, యూజర్లను మళ్లీ కట్టుకోండి. ఏదైనా తేడా కొడితే కొత్త ఎస్‌ఎస్‌డీ తీసి పాతది పెడితే ఐదు నిమిషాల్లో మొదటికొస్తారు. ఆ పాత డిస్క్ మీద వెర్షన్, తేదీ రాసిన చీటీ అంటించి సొరుగులో పడేయండి, ఇంకో దానికి వాడేసుకోకండి.