డి కీ పనిచేయని ల్యాప్‌టాప్‌లో షార్ప్‌కీస్: చాలాకాలం వాడాక నా సమీక్ష

నేను రోజంతా ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరికలో, తెలుగు టైపు చేస్తాను. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకు 'డి' (D) కీ పోయిందంటే పోయేది ఒక్క అక్షరం కాదు. పొల్లు ఆ కీ మీదే ఉంటుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే 'అ' వస్తుంది. కాబట్టి ఒత్తులన్నీ పోయినట్టే. 'అమ్మ' అని కొడితే తెరమీద 'మమ' అని పడుతుంది. 'ఫోన్' కాస్తా 'ఫోన' అవుతుంది. నా ల్యాప్‌టాప్‌లో ఇదే జరిగింది. అప్పటి నుంచి ఒక కీని మరో కీలా పనిచేయించే షార్ప్‌కీస్ అనే ఉచిత ప్రోగ్రాంతో చాలాకాలం పని నడిపాను.

దాని జోలికి వెళ్లేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. యూఎస్‌బీ కీబోర్డు తగిలించి అదే కీ నొక్కండి. అందులోనూ రాకపోతే విండోస్ సెట్టింగులు చూడాలి, ముఖ్యంగా కాసేపే నొక్కిన కీలను పట్టించుకోని ఫిల్టర్ కీస్ ఆన్ అయిందేమో. అందులో బాగా వస్తుంటే ల్యాప్‌టాప్ కీబోర్డుదే తప్పు. అప్పుడు విండోస్, కంట్రోల్, 'ఓ' (O) కీలు కలిపి నొక్కి ఆన్-స్క్రీన్ కీబోర్డు తెరవండి. ఒక్కో కీ నొక్కుతూ తెరమీద ఏవి వెలగట్లేదో రాసుకోండి.

ఆ చీటీ చాలా పనికొస్తుంది. కీలన్నీ అడ్డంగా, నిలువుగా అల్లిన గీతల సర్క్యూట్ మీద ఉంటాయి. ఒకే కీ పోతే దుమ్ము గానీ, ఆ కీ కింది కాంటాక్ట్ గానీ కారణం కావచ్చు. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు కీలు ఒకేసారి పోతే మాత్రం గీత తెగిందనో, కీబోర్డును లోపలి బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ వదులైందనో అనుమానించాలి. దానికి పైపైన ఎంత తుడిచినా లాభం లేదు. కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే వాడకం ఆపేయండి. బ్యాటరీ పొంగి ఉండొచ్చు, అది ప్రమాదం.

నా 'డి' ఒక్కటే పోయింది. ల్యాప్‌టాప్ ఆపేసి కీ మూత లేపితే కింద కత్తెరలా మడిచిన పల్చటి ప్లాస్టిక్ క్లిప్పు, దాని మధ్యలో రబ్బరు బుడిపె కనిపించాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో చుట్టూ తుడిచాను. కొన్నాళ్లు పనిచేసి మళ్లీ మొండికేసింది. అసలు కాంటాక్ట్ ఆ బుడిపె కింద, ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది. అక్కడ పాడైతే ఇయర్‌బడ్ అందదు.

అప్పుడే షార్ప్‌కీస్‌లో క్యాప్స్ లాక్‌ను 'డి'గా మార్చి రీస్టార్ట్ చేశాను. తెలుగు రాసేవాళ్లకు క్యాప్స్ లాక్‌తో పెద్దగా పని ఉండదు, పైగా ఎడమచేతి చిటికెన వేలికి ఇట్టే అందుతుంది. వేళ్లకు అలవాటయ్యాక వేగం ఏమీ తగ్గలేదు.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీలు మార్చే కీబోర్డ్ మేనేజర్ కూడా వాడి చూశాను. రీస్టార్ట్ అక్కర్లేదు, షార్ట్‌కట్లు కూడా మార్చుకోవచ్చు, బాగుంది. కానీ అది వెనకాల నడుస్తూ ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి లాగిన్ తెర దగ్గర ఉపయోగపడదు. పాస్‌వర్డ్‌లో 'డి' ఉంటే రోజూ అక్కడే టెన్షన్. షార్ప్‌కీస్ మార్పును విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసి వదిలేస్తుంది, అందుకే లాగిన్‌లోనూ పనిచేస్తుంది. నా ఓటు దానికే. కీ పోవడం కాకుండా తనంతట తానే నొక్కుకుపోతూ వరసగా అక్షరాలు కురిపిస్తుంటే ఆ కీని పూర్తిగా ఆపేసే సదుపాయం కూడా ఇందులో ఉంది.

లోపాలూ ఉన్నాయి. ఈ మార్పు బయట తగిలించిన కీబోర్డుకు కూడా వర్తిస్తుంది. విండోస్ మొదలవకముందు, అంటే బయోస్‌లో, పనిచేయదు. అడ్మిన్ హక్కులు కావాలి కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కుదరకపోవచ్చు. రెండు మూడు కీల వరకు సరే, అంతకు మించితే మార్చడానికి ఖాళీ కీలే దొరకవు.

నాకు అంతదాకా రాలేదు. కానీ పక్కనే ఉన్న 'ఈ' (E) కీ, అంటే ఇన్‌స్క్రిప్ట్‌లో దీర్ఘం, ఒకసారి వస్తూ ఒకసారి రాకుండా సతాయించడంతో కీబోర్డు మార్పించేశాను. వెళ్లేముందు ఒకటి అడిగి తెలుసుకోండి: కొన్ని మోడళ్లలో కీబోర్డు స్క్రూలతో వస్తుంది, కొన్నింటిలో పైకవరుకు ప్లాస్టిక్ రివెట్లతో అతికించి ఉంటుంది. రెండోదైతే పని ఎక్కువ, కొన్నిసార్లు కవరుతో సహా మార్చాల్సి వస్తుంది, ఖర్చూ పెరుగుతుంది.

కొత్త కీబోర్డులో 'డి' చక్కగా పనిచేస్తోంది. అయినా క్యాప్స్ లాక్ మార్పును తీసేయలేదు. పొల్లు కోసం నా వేలు ఇప్పటికీ అటే వెళ్తోంది.