నోటి మూలలు పగిలితే బీ కాంప్లెక్సా, గుడ్డూ పాలా, చోడి అంబలా?

ఒడిశాలోని మా రాయగడ, గుణుపురం వైపు నోటి మూలలు పగిలాయంటే చాలు, ఇంట్లో పెద్దోళ్ళు "వేడి చేసింది, చోడి అంబలి తాగు" అంటారు (చోళ్ళంటే రాగులే), కుర్రాళ్ళేమో మందుల షాపుకెళ్ళి బీ కాంప్లెక్స్ షీటు తెచ్చేసుకుంటారు. ఇలా పగలడానికి ఒక కారణం రైబోఫ్లేవిన్, అదే బీ2 విటమిన్, తక్కువవడం; ఆ లెక్కన చూస్తే ఈ రెండిటి మధ్యలో ఉన్న గుడ్డూ పాలే రోజువారీకి మేలని నేనంటాను.

చోళ్ళ సంగతే ముందు. 100 గ్రాముల పిండిలో బీ2 0.2 మిల్లీగ్రాముల లోపే, తేలిక పని చేసే పెద్దోళ్ళకి కూడా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్కలో రోజుకి 2 మిల్లీగ్రాముల దాకా కావాలి, గ్లాసుడు అంబలికి పట్టే పిండి ఎంతని? కాల్షియంకైతే చోళ్ళే రాజు, పాలిష్ బియ్యం కంటే బీ2 కూడా ఎక్కువే, కానీ నోటి మూలల పగుళ్ళకి అదొక్కటే సరిపోదు. కాస్త గట్టి పెరుగు కలుపుకుంటే అప్పుడు లెక్క మారుద్ది. అన్నట్టు పెరుగు మీద తేరే ఆ పసుపుపచ్చ నీళ్ళు పారబోయకండి బాబూ, ఆ రంగే బీ2 ది.

ఒక గుడ్డులో 0.2 పైన, గ్లాసు పాలల్లో 0.35 దాకా వస్తుంది. పాలు మరిగిస్తే పెద్దగా పోదు, ఎండే దీనికి శత్రువు. సంత రోజు సైకిల్ హ్యాండిల్‌కి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సీసాల్లో పాలు వేలాడేసుకుని ఎండలో ఊరంతా తిరుగుతారు చూడండి, అందులో బీ2 చాలా మటుకు దారిలోనే పోద్ది, స్టీలు క్యానైతే ఆ గొడవ లేదు. మాంసం తినేవాళ్ళకి మేక కార్జం (లివర్) ఈ అన్నిటినీ కొట్టేస్తుంది, కాకపోతే కడుపుతో ఉన్నోళ్ళు విటమిన్ ఏ ఎక్కువని ఎడాపెడా తినకూడదు.

ఇక బిళ్ళ. ఒక్క దాంట్లోనే రోజు అవసరానికి ఎన్నో రెట్లు ఉంటుంది, మిగిలింది మూత్రంలో చిక్కటి పసుపుగా వెళ్ళిపోద్ది, దానికి భయపడక్కర్లేదు. మూలలు పగిలి, నాలుక ఎర్రగా మండుతుంటే మాత్రం బిళ్ళే త్వరగా పనిచేస్తుంది, పాలూ గుడ్లూ ముట్టనోళ్ళకీ అదే దిక్కు. అయితే ఐరన్, బీ12 తక్కువైనా, ఫంగస్ పట్టినా మూలలు ఇలాగే పగులుతాయి, అందుకే రెండు వారాలు మింగినా తగ్గకపోతే ఇంకో షీటు కొనకుండా డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించుకోండి.