అండమాన్ యాత్ర: ఏ దీవిలో ఉండాలి, ఏది వదిలేయొచ్చు

గుంటూరు నుంచి అండమాన్ వెళ్దామనుకునేవాళ్లు ప్యాకేజీ కాగితం పక్కనపెట్టి ముందు మ్యాప్ చూడండి. బ్రాడీపేటలో మేం కనుక్కున్న ఒక ట్రావెల్ ఆఫీసులో అయితే "అన్నీ కవర్ చేసేస్తాం సార్" అని రోజుకో దీవి చొప్పున రాసిచ్చారు, అందులో పడవ టైము గానీ రేవులో నిలబడే టైము గానీ ఎక్కడా లేదు. చిన్నచిన్న రాళ్లతో సహా లెక్కేస్తే అండమాన్ నికోబార్‌లో 836 దీవులున్నాయి, మనుషులు ఉండేవి నలభై లోపే. మయన్మార్‌లోని అరకాన్ కొండల వరసే సముద్రంలోకి దిగి, శిఖరాలు మాత్రం నీళ్లపైన మిగిలి ఈ దీవులయ్యాయి. అందుకే ఉత్తరం నుంచి దక్షిణానికి అంత పొడుగ్గా పరుచుకుని ఉంటాయి. అండమాన్‌కీ నికోబార్‌కీ మధ్య 10 డిగ్రీల ఛానెల్ అని దాదాపు 150 కిలోమీటర్ల సముద్రం ఉంది. నికోబార్ వెళ్లాలంటే పాస్ కావాలి, మామూలు టూరిస్టులకి అంత తేలిగ్గా ఇవ్వరు, కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి.

చెన్నై దాకా రైల్లో వెళ్లి అక్కణ్ణుంచి ఫ్లైట్ ఎక్కితే రెండు గంటల పైచిలుకు. వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంది గానీ రెండు రాత్రుల పైన సముద్రం మీదే గడపాలి, పెద్దవాళ్లతో, పిల్లలతో అయితే నేను వద్దంటాను.

అసలు ప్లాన్ చెడగొట్టేది సూర్యుడు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) మన గుంటూరుకి 12 డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. అంటే మనకంటే ముప్పావుగంట ముందే తెల్లారిపోతుంది, డిసెంబర్లో సాయంత్రం ఐదుకే చీకటి పడిపోతుంది. "మధ్యాహ్నం రెండింటికి చెక్ ఇన్, తర్వాత సైట్ సీయింగ్" అని ఎవరైనా రాసిస్తే ఆ రోజు పోయినట్టే. పొద్దున ఐదున్నరకల్లా బయటపడాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో అబెర్డీన్ బజార్ దగ్గర మామూలు హోటల్ చాలు, సెల్యులార్ జైలుకి దగ్గర. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకి మొదట ఏడు రెక్కలు, ఇప్పుడు మూడే ఉన్నాయి. గదిలోకి వెళ్లి తలుపు వైపు తిరిగి చూడండి, గడియ పెట్టే చోటు పక్క గోడలోకి దూరంగా ఉంటుంది, లోపలున్న మనిషి చెయ్యి ఎంత చాపినా అందదు. నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను. ఊరి బయట సిప్పీఘాట్ కూడా చూడండి, ఏ ప్యాకేజీలోనూ ఉండదు. 2004 భూకంపానికి అక్కడి నేల కుంగి, పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. ఆ సునామీ మన సూర్యలంక తీరాన్నీ తాకింది కదా, కానీ అక్కడ భూమే మారిపోయింది.

హేవ్‌లాక్‌లో (స్వరాజ్ ద్వీప్) గది తీసుకునేటప్పుడు జాగ్రత్త. రిసార్టులు ఎక్కువగా తూర్పు ఒడ్డున ఉన్నాయి. ఆటు సమయంలో అక్కడ నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్లు, పగడాల దిబ్బలు బయటపడతాయి, స్నానం కుదరదు. 'బీచ్ ఫ్రంట్' అని ఎక్కువ డబ్బు పెట్టిన గదికి అదీ పరిస్థితి. ఈత కొట్టాలంటే పడమటి ఒడ్డున రాధానగర్‌కే పోవాలి, రేవు నుంచి 12 కిలోమీటర్లు. కాబట్టి రేవుకి దగ్గరగా తక్కువ ధరలో గది తీసుకుని స్కూటీ అద్దెకి తీసుకోవడం మేలు. రాధానగర్ ఇసుక, ఆ నీళ్లు ఎంత చెప్పినా తక్కువే. మన తీరంలో కృష్ణా, గోదావరి తెచ్చే ఒండ్రుతో సముద్రం బురదరంగులో ఉంటుంది. అక్కడ అంత పెద్ద నదులు లేవు, నీళ్లు తేటగా ఉంటాయి, అందుకే పగడాలు బతుకుతున్నాయి.

నాకు మాత్రం నీల్ (షహీద్ ద్వీప్) ఎక్కువ నచ్చింది. చిన్న దీవి, కూరగాయల తోటలు, సైకిల్ మీద తిరగొచ్చు, గదుల ధరలూ తక్కువే. సహజ రాతి వంతెన దగ్గరికి ఆటు టైము కనుక్కునే వెళ్లండి, పోటు మీదుంటే వెళ్లడమే కష్టం. నీళ్లు తగ్గాక రాళ్ల మధ్య గుంటల్లో పీతలు, సముద్ర దోసకాయలు (దోసకాయ ఆకారంలో ఉండే మెత్తటి జీవులు), రాయిని పట్టుకుని నోరు కొంచెం తెరిచిన నీలం ఆల్చిప్పలు కనిపిస్తాయి. ముట్టుకోవద్దు. గవ్వలు, పగడాలు తెచ్చుకోవడం కూడా నిషేధం.

పడవల సంగతి. ప్రైవేటు ఫెర్రీ హేవ్‌లాక్‌కి గంటన్నరలో చేరుస్తుంది గానీ ఏసీ పెట్టెలో కూర్చోవాలి, కడుపులో తిప్పుతుంది. సర్కారు ఫెర్రీ ఇంకో గంట ఎక్కువ, చౌక, డెక్ మీద గాలి తగులుతుంది. మళ్లీ వెళ్తే నేను సర్కారుదే ఎక్కుతా. మా టాక్సీ డ్రైవర్ వాళ్ల తాతలది శ్రీకాకుళం, గుంటూరు అనగానే "మరి కారం తెచ్చారా అన్నా" అన్నాడు. తెలుగువాళ్లు అక్కడ బాగానే ఉన్నారు, భాషకి ఇబ్బంది లేదు.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకి మేం పోలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర లైన్లో ఉండి, కాన్వాయ్‌గా జరావా అనే ఆదివాసులుండే అడవిలోంచి వెళ్లాలి. ఫోటోలు, బండి ఆపడం నిషేధం. అయినా "దారిలో జరావాలు కనబడతారు" అని ఊరించి అమ్మేవాళ్లున్నారు. వాళ్ల బతుకు వాళ్లు బతుకుతుంటే కిటికీలోంచి చూసిరావడానికి డబ్బు కట్టడం నాకు సహించలేదు.

వెళ్లేది డిసెంబర్ చివరి నుంచి మార్చి మధ్యలో పెట్టుకోండి. రెండు రుతుపవనాలూ తడిపే చోటు అది, గాలి పెరిగితే ఫెర్రీలు ఆపేస్తారు. తిరుగు ఫ్లైట్ ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి, హేవ్‌లాక్ నుంచి అదే రోజు పడవ దిగి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తే ప్లాన్ ఎవరిచ్చినా ఒప్పుకోవద్దు.